జరీ అంచు

మృదుల శాక్సోఫోన్‌కి గొంతులో వెలక్కాయ పడింది.

నిజానికి పడింది వెలక్కాయ కాదు, పట్టుచీర ముక్క.

వాయించాక లోపలి తడి తుడవడానికి సిల్కు గుడ్డ మంచిదని ఎవరో చెప్పారు. సిల్కంటే పట్టే కదా అని తల్లి ఉదయలక్ష్మి తన పెళ్లిచీర కొంగు కొస కత్తిరించి, దానికి తాడు కుట్టి మరీ ఇచ్చింది. జరీ అంచుతో సహా! కన్నతల్లి ఇచ్చేటప్పుడు అంచు తీసేసి ఇస్తుందా?

ఆ అంచు కాస్తా మెడ గొట్టంలో దేనికో పట్టుకుని కూర్చుంది. ఇటు రాదు, అటు పోదు. ఊదితే పిల్లికూత కూడా రావడం లేదు.

మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో సెలక్షన్. ఇందిరాదేవి ఆర్కెస్ట్రాలో శాక్సోఫోన్‌కి ఉన్నది ఒకే ఒక్క చోటు, అదీ ఈసారి పాతవాళ్లైనా సరే మళ్లీ వాయించి నెగ్గాల్సిందే. అది రాకపోతే సోమవారం నుంచి బ్యాంకు కోచింగేనని తండ్రి భానుమూర్తి తేల్చి చెప్పేశాడు.

మృదుల దిల్‌సుఖ్‌నగర్‌లో వాయిద్యాల దుకాణంలోకి ఆదరాబాదరా వచ్చిపడింది.

“గట్టి బ్రష్ ఏదైనా ఉందా? గుడ్డ ఇరుక్కుపోయింది, తోసేస్తాను.”

దుకాణం నడిపే గౌతమ్ తీగ బ్రష్ ఒకటి తీసి అందించబోయాడు.

“ఆగు బిడ్డా.”

కౌంటర్ పక్కన ఓ పెద్దమనిషి. అప్పటిదాకా ఆయన శాక్సోఫోన్ తుడిచే తాడుగుడ్డలు ఒక్కొక్కటే తీసి, మూసిన కనురెప్ప మీద రుద్దుకుని, నచ్చనివి పక్కన పెడుతున్నాడు. పెళ్లిచూపులకొచ్చిన అత్తగారు కూడా అంత పరీక్షగా చూడదు.

“తీగతోని తోస్తే లోపల గీతలు పడ్తయ్. ఇగ గీతల్ల తడి నిలుస్తది. ఇటియ్యి, నేను చూస్త.”

ఇవ్వాలో వద్దో తేల్చుకునే ఓపిక కూడా లేక మృదుల ఇచ్చేసింది.

“గింత పరేషాన్‌ల యాడికి పోతున్నవ్?” అన్నాడాయన గొట్టంలోకి చూస్తూ.

“ఎల్బీ నగర్, అంకుల్. ఇందిరాదేవి గారి ఆర్కెస్ట్రాలో సెలక్షన్.”

ఆయన చెయ్యి ఆగింది.

“ఇయ్యాల్టి దానికి పిలిచింది నిన్నేనా?”

“అవునండీ. ఇది పోతే మా నాన్న ఇంక వాయించనివ్వరు.”

ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. లాగలేదు, తొయ్యలేదు. కాలిలో ముల్లు తీసినట్టు, తాడును కొంచెం కొంచెం తిప్పుతూ గుడ్డను వెనక్కి తెచ్చాడు.

“జోర్ చెయ్యొద్దు బిడ్డా. ఏ తొవ్వల పోయిందో ఆ తొవ్వలనే రమ్మని బతిమాలాలె.”

చివరికి పట్టుముక్క బయటపడింది. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

“గీత పడలే. బతికినవ్. జర ఊదు, ఇందాం.”

మృదుల హిందోళం ఎత్తుకుంది. ఫోన్‌లో మాట్లాడుతున్న గౌతమ్ మాట మధ్యలో ఆపేశాడు. పెద్దమనిషి కౌంటర్‌కి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. పాట అయిపోయినా వెంటనే తెరవలేదు.

“పైస్వరం కాడ ఊపిరి దాసుకుంటున్నవ్,” అన్నాడు. “భయమైతున్నదా? దాసుకోకు. మొత్తం ఇచ్చెయ్.”

తర్వాత, తాను అంతసేపూ ఏరి ఏరి పక్కన పెట్టుకున్న గుడ్డను ఆమె చేతిలో పెట్టాడు.

“గిది పట్టుకపో. కుట్టు తగలదు, తాడు చివర బరువుకు కూడ గుడ్డ చుట్టి ఉన్నది. ఊదినంక గిదే వాడు.”

“అన్నా, గసుంటిది ఒక్కటే ఉన్నది. మరి మీకు?” అన్నాడు గౌతమ్.

“నాకేం తొందర లేదు తియ్యి.”

మృదుల ఆయనకు దండం పెట్టి, పేరైనా అడగకుండా మెట్రో మెట్ల వైపు పరుగెత్తింది.

ఎల్బీ నగర్ ఫంక్షన్ హాల్లో ఇందిరాదేవి ఆమెను కుర్చీలో కూర్చోమంది.

“ఇద్దర్ని పిలిచానమ్మాయ్. రెండో మనిషి కూడా రానీ, ఇద్దర్నీ పక్కపక్కన వింటాను.”

రెండో మనిషి రాలేదు. ఫోన్ వచ్చింది. ఇందిరాదేవి చాలాసేపు విని, “నీ ఇష్టం” అని పెట్టేసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“నువ్వు వాయించమ్మా.”

పైస్వరం దగ్గర మృదుల ఊపిరి దాచుకోలేదు. ఉన్నదంతా ఇచ్చేసింది. తబలా శేఖర్ తాళం మానేసి చప్పట్లు కొట్టాడు.

“చోటు నీదే,” అంది ఇందిరాదేవి.

మృదులకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఇంటికి ఫోన్ చెయ్యబోయి ఆగింది. అవతలి మనిషి సంగతి మనసులో కొట్టుకుంటోంది.

“ఆ రెండో మనిషి ఎందుకు రాలేదండీ?”

“జానయ్యా? ‘దుకాణంల గా బిడ్డ ఊదంగ ఇన్న, ఇగ నన్ను ఇనుడెందుకమ్మా’ అన్నాడు. నల్గొండ బస్సెక్కేశాడట, ఇంటికి.”

మృదుల చటుక్కున కుర్చీలోంచి లేచి నిలబడింది. కళ్లు నిండిపోయాయి.

ఇందిరాదేవి ఆమె భుజం పట్టి మెల్లగా మళ్లీ కూర్చోబెట్టింది.

“కూర్చో తల్లీ, నా ఆర్కెస్ట్రా పుట్టిన దగ్గర్నుంచి నిన్నటిదాకా ఈ కుర్చీ ఆయనదే.”