కసుబా మెడలో తాళంచెవి

కొత్త ఆయా మళ్ళీ పిల్లల నీళ్ళసీసాల మూతలు తీసి వాసన చూస్తోంది.

మ్విలా వాళ్ళమ్మ గుమ్మం పక్కన నిలబడి గమనించింది. ఈ వారంలో ఇది మూడోసారి.

ఆ క్రెష్ ఆమెదే. పద్నాలుగు మంది పసివాళ్ళు. తల్లులు పొద్దున్నే దింపి బజారుకు పోతారు. ఒక్కరికి ఏమైనా అందరికీ జవాబు చెప్పాల్సింది ఆమే.

ఆయాను పనిలో పెట్టుకున్న రోజున, తల్లుల్ని బిడ్డ పేరుతోనే పిలిచే ఆ పేటలో అందరూ అడిగినట్టే, "ఎవరి తల్లివి?" అని అడిగింది. "కసుబా అనండి, చాలు" అందామె. పాపం, పిల్లలు లేరు కాబోలు అనుకుంది.

పనిలో వంక పెట్టడానికి లేదు. బల్లలు, బొమ్మలు ముందు సబ్బుతో కడుగుతుంది. పిల్లల్ని పెరట్లోకి పంపి, కిటికీలు తెరిచి, చన్నీళ్ళలో లీటరుకు చెంచా చొప్పున బ్లీచ్ కలిపి తుడుస్తుంది. ఆరేదాకా ఎవర్నీ గడప తొక్కనివ్వదు. మిగిలిన నీళ్ళు సాయంత్రం పారబోస్తుంది.

కానీ బ్లీచ్ ఉన్న బీరువా తాళంచెవి తన మెడలోనే వేసుకుంది. అడిగినా ఇవ్వదు. పిల్లలు నిద్రపోతుంటే ఒక్కొక్కరి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

"బీరువాలో బంగారం దాచావేమిటే?" అని వంటామె ఎగతాళి చేసింది. కసుబా నవ్వలేదు.

నిన్న బజారులో టమాటాలమ్మే బ్రిజెట్ పక్కకి పిలిచింది.

"మ్విలా వాళ్ళమ్మా, నీ ఆయాని ఎండోలా ఊళ్ళో చూశాను. ఆ పసిబిడ్డ చేవె పోయిన క్రెష్ లేదూ, ఆ గేటు దగ్గర, పొద్దునా సాయంత్రం. అక్కడ ఈ పేరు కాదు. ఇంకేదో అని పిలిచేవారు."

చేవె సంగతి తెలియనివాళ్ళు లేరు. బజారులో బ్లీచ్‌ని పాత నిమ్మ సోడా సీసాల్లో పోసి అమ్ముతారు. అలాంటి సీసా ఒకటి అక్కడి ఆయా కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోయింది. మూడేళ్ళ చేవెకి దాహమేసింది. ఆ ఆయా మర్నాటికి ఊళ్ళో లేదు.

మ్విలా వాళ్ళమ్మకి రాత్రంతా కన్ను మూతపడలేదు.

ఈ సాయంత్రం చివరి పిల్లవాడు వెళ్ళేదాకా ఆగి, చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇలా ఇయ్యి. రేపట్నుంచి రావద్దు."

కసుబా బక్కెట్లో మిగిలిన నీళ్ళ వైపు చూసింది. ఇంకా పారబోయలేదు.

"చేవె పోయిన క్రెష్ దగ్గర ఉండేదానివట కదా."

"అవునమ్మా."

"మరి పేరెందుకు మార్చుకున్నావు? ఏ మొహం పెట్టుకుని మళ్ళీ పసిపిల్లల మధ్యకొచ్చావు?"

కసుబా మెడలోని తాడు తీసింది. తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టింది. అది ఒంటివేడికి వెచ్చగా ఉంది.

"మార్చుకోలేదమ్మా. పుట్టినప్పట్నుంచీ నేను కసుబానే. మధ్యలో ఒక మూడేళ్ళు మాత్రం అందరూ నన్ను చేవె వాళ్ళమ్మ అన్నారు."