సినిమాలో లేని సంచీ

ఆ దర్శకురాలు నవల గొంతు కోసింది. ఇందులో చర్చకు తావు లేదు.

ప్రూఫు మాస్టారు ఈ మాట సినిమా విడుదలైన వారమే పత్రికలో రాశాడు. పగలు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దడం, తీరిక దొరికితే సినిమాలు దిద్దడం ఆయన పని. పాత నవలను ఎవరు తెరకెక్కించినా ఆయన కలానికి భయపడేవారు. ఆ వ్యాసం దెబ్బకు దర్శకురాలికి మళ్లీ ఎవరూ సినిమా ఇవ్వలేదు. తగిన శాస్తి జరిగిందనుకున్నాడు.

ఇద్దరికీ జుట్టు నెరిశాక, ఒక ఆదివారం ఉదయం ఫిల్మ్ క్లబ్బువాళ్లు ఆ సినిమా మళ్లీ వేశారు. ఆమెనూ పిలిచారు. ఆయన్నీ పిలిచారు.

"మాస్టారూ, పెద్దావిడ. కాస్త చూసి మాట్లాడండి," అని క్లబ్బు కార్యదర్శి గుమ్మంలోనే బతిమాలాడు.

"ఆవిడ పెద్దదైతే పుస్తకం మారిపోతుందటయ్యా?"

కార్యదర్శి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

కథ చిన్నదే. గడియారాలు బాగుచేసేవాడొకడు. పొద్దస్తమానం కంటికి భూతద్దం బిగించుకుని పళ్లచక్రాల్లోకి చూస్తాడే తప్ప, ఎదురుగా నిలబడ్డ పెళ్లాం మొహంలోకి చూడడు. సినిమా చివర అతను కుర్చీలో కునుకు తీస్తుంటాడు. ఆమె తోలుపెట్టె పట్టుకుని గుమ్మం దాటి వెళ్లిపోతుంది. తలుపు తెరిచే ఉంటుంది.

హాల్లో దీపాలు వెలిగాయి. మాస్టారు లేచాడు.

"వెళ్లదు! నవల్లో ఆవిడ వెళ్లదు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. మొగుడు లేచి మంచినీళ్లడిగితే ఎవరిస్తారని వెనక్కి తిరుగుతుంది. చప్పుడు కాకుండా సంచీని తలుపు వెనక దించి, పొయ్యి వెలిగిస్తుంది. ఆ సంచీకి తెగిన కాడ, ఆ కాడకు ఎర్రదారం కుట్లు. నవల ప్రాణమంతా ఆ కుట్లలో ఉంది. ఈవిడగారికి ఆ గుడ్డసంచీ నామోషీ అనిపించింది. తోలుపెట్టె కొనిపెట్టింది."

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

దర్శకురాలు మైకు అందుకుంది. గొంతులో కోపం లేదు.

"ఆ ఎర్రదారం కోసం ఇన్నేళ్లూ వెతుకుతూనే ఉన్నానండీ. ఏ ప్రతిలోనూ కనబడలేదు. పుస్తకంలో పెట్టె అనే ఉంది. ఆవిడ వెళ్లిపోయిందనే ఉంది. మీరు చెప్పింది నాకూ నచ్చింది మాస్టారూ, కానీ అది అందులో లేదు."

"మీరు చదివింది పిల్లలకోసం కుదించిన ప్రతి అయ్యుంటుంది."

హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

"అయితే మీ ప్రతి చూపించండి. అందులో ఉంటే ఇక్కడే తప్పు ఒప్పుకుంటాను. లేకపోతే?"

"లేకపోతే ఈ చేత్తో మళ్లీ సినిమా గురించి రాయను. ఇల్లు పక్క వీధే. ఎవరూ కదలకండి. ఇప్పుడే తెస్తా."

దారి పొడవునా ఆ అధ్యాయం ఆయన చెవుల్లో మోగుతూనే ఉంది. నవలలన్నీ ఆయన చదివినవి కావు, విన్నవే. ప్రెస్సు నుంచి వచ్చేసరికి కళ్లు భగ్గుమనేవి. తడిగుడ్డ కప్పుకుని పడక్కుర్చీలో వాలితే భార్య చదివి వినిపించేది. గుడ్డ తీయకుండానే ఆయన దిద్దేవాడు.

"కామా దగ్గర ఆగు."

"ఒత్తు మింగేశావు. మళ్లీ చదువు."

ఆమె మళ్లీ చదివేది.

ఆ నవల చివరికొచ్చిన రోజు ఆయనకు కాస్త కునుకు పట్టింది. మెలకువ రాగానే గుడ్డ కిందనుంచే గద్దించాడు.

"ఏదీ, ఆపేశావేం?"

"పొయ్యి మీద నీళ్లు పెట్టి వచ్చాను," అంటూ ఆమె వచ్చి కూర్చుంది.

ఆ ఒక్క అధ్యాయం ఎక్కడా తడబడకుండా చదివింది. దిద్దడానికి ఆయనకు ఏమీ దొరకలేదు. "ఇన్నాళ్లకు చదవడం వచ్చింది నీకు," అని మెచ్చుకున్నాడు కూడా. ఆమెకు ఆయన దగ్గర దక్కిన మెప్పు అదొక్కటే.

ఇల్లు చేరి భార్య బీరువా తీశాడు. ఆమె చనిపోయాక దాన్ని ఎవరూ తెరవలేదు. పై అరల్లో పుస్తకం లేదు. అడుగు అరలోకి చెయ్యి పోనిచ్చి తడిమాడు. బట్టల మధ్య గట్టిగా అట్ట తగిలింది. లాగి, కిటికీ దగ్గరికి తెచ్చి, చివరి అధ్యాయం తీశాడు.

గడియారాలవాడు కునుకు తీస్తున్నాడు. ఆమె పెట్టె పట్టుకుంది. గుమ్మం దాటింది. తలుపు తెరిచే ఉంది.

పేజీ తిప్పాడు. వెనక అట్ట వచ్చింది.

మళ్లీ మొదటినుంచి, వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాడు. సంచీ లేదు. ఎర్రదారం లేదు. పొయ్యి లేదు. ఆ హాల్లోని నవ్వులు ఇప్పుడు తన మీద పడుతున్నట్టు ఒళ్లంతా కుంచించుకుపోయింది. లేని పేజీ ఒకటి చూపించి, బతికున్న మనిషి చేతిలో పని లాగేశాడు. అదీ గర్వంగా.

ఫోను మోగింది.

"మాస్టారూ, జనం కదలకుండా కూచున్నారు. పుస్తకం దొరికిందా?" అని అడిగాడు కార్యదర్శి.

"దొరికింది."

"మరి ఉందా అందులో?"

"లేదు. ఆవిడదే రైటని చెప్పు. నేను క్షమించమన్నానని మైకులో చెప్పు."

"మీరే వచ్చి చెబితే..."

"ఆ సినిమా మాట గానీ, ఈ పుస్తకం మాట గానీ చచ్చేదాకా నా దగ్గర ఎత్తకు."

ఫోను పెట్టేసి, పుస్తకాన్ని తీసినచోటే దాచేద్దామని అడుగు అరలోని బట్టలను లాగితే, భార్యవి మడత చెదరని రెండు జతల బట్టలతో, దువ్వెనతో సహా ఒక గుడ్డసంచీ బయటికి వచ్చింది. దాని తెగిన కాడకు ఎర్రదారం కుట్లున్నాయి.