ఒంటరి పడవ

"బాబాయ్, కుడివైపు ఎవరిదా పడవ? ఫ్రేములోంచి తప్పుకోమనండి."

కొండ మీద నుంచి వాకీటాకీలో గైడు పాన్ గొంతు గరగరలాడింది. పడవలో నిలబడి వల సర్దుకుంటున్న లియావ్ అటు చూశాడు. అఖాతానికి కుడి కొసన, సముద్రపు నాచు పెంచే వెదురు గడల పక్కన, ఇంకో పడవ ఆగి ఉంది. అందులో తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని కూర్చున్నది ఆయన భార్య షూచిన్.

"కంగారు పడకమ్మా, మా ఆవిడే. ఒక్క మాట చెప్తే పోతుంది" అన్నాడు ధీమాగా.

లియావ్ వల విసిరితే అది గాలిలో పళ్ళెంలా విచ్చుకుంటుంది. చేపలు పడవు. పడాల్సిన పనీ లేదు, ఫోటోలు పడితే చాలు. కొండ మీద ఫోటోలు తీసేవాళ్ళు "ఇంకోసారి" అని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు. ఇవాళ వచ్చిన బృందం అఖాతం మొత్తాన్ని ఒకే పొడుగు ఫోటోగా తీస్తుంది. కెమెరాలు లియావ్ ఉన్న ఎడమ కొస నుంచి మెల్లగా తిరుగుతూ కుడి కొసకి చేరతాయి. నీళ్ళు, వెదుళ్ళు, ఒంటరి పడవ, అంతే ఉండాలి. నచ్చితే ఈ సీజనంతా పని ఆయనదే. నచ్చకపోతే ఆ చోటు కోసం పక్క రేవు వాడు కాచుకుని కూర్చున్నాడు.

"ఏమే, ఇంటికి పో" అని కేకేశాడు.

జవాబు వాకీటాకీలో వచ్చింది. ఇంట్లో ఉన్న రెండోది ఆవిడ పట్టుకొచ్చింది. అంటే కొండ మీద వాళ్ళంతా వింటున్నారన్నమాట.

"నిన్న ఊళ్ళో ఫోటోల ప్రదర్శన చూశానయ్యా. నీ బొమ్మ కింద 'ఏడు తరాల జాలరి' అని రాశారు. వాళ్ళకెవరు చెప్పారు?"

"ఏదో మాటవరసకి అన్నాన్లే."

"ఆ ఏడు తరాలూ మా పుట్టింటివి. ఫుజౌ పట్నంలో నూడుల్స్ బండి దగ్గర పిండి పిసుక్కునేవాడికి వల పట్టుకోవడం ఎవరు నేర్పారు?"

లియావ్ గొంతు తగ్గించాడు.

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందామే."

"ఇంట్లో ఒప్పుకోవడం నీకు అలవాటే. వాళ్ళకి చెప్పు. చెప్పిందాకా నా పడవ కదలదు."

"బాబాయ్, పొద్దు పొడుస్తోంది" అంది పాన్. "కెమెరాలు తిరగడం మొదలెట్టాయి. పిన్నికి ఏదో ఒకటి చెప్పండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్తే జాలరి వేషం పోతుంది, చెప్పకపోతే ఫోటో పోతుంది. లియావ్ ఆ ఎర్ర తువ్వాలు కేసి చూశాడు. వల నేర్పిన రోజుల్లోనూ ఆవిడ తలకి అదే ఉండేది. చలికి చేతులు పగిలినా, తిడుతూ తిడుతూనే నేర్పింది. ఆయనకి నిజంగా సిగ్గేసింది.

వాకీటాకీ మీట నొక్కాడు. "అయ్యా, అమ్మా, వినండి. నేను జాలరిని కాదు. మా తాతా కాదు, ముత్తాతా కాదు. ఈ వల మా ఆవిడ నేర్పింది. మోకాటి లోతు బురదలో నిలబడి నేర్పింది. నేను అబద్ధం చెప్పాను. నన్ను క్షమించవే, షూచిన్."

నీళ్ళకి అవతల షూచిన్ మొహం విచ్చుకుంది. అది పెళ్ళినాటి నవ్వు. వెంటనే ఆ నవ్వుని తువ్వాలు అంచుతో తుడుచుకుని, వెళ్ళడానికి తెడ్డు అందుకుంది.

పని పోయినట్టే అనుకున్నాడు లియావ్. అయినా ఎందుకో మనసు తేలికగానే ఉంది.

"బాబాయ్" అంది పాన్ కాసేపటికి. "ఒంటరి పడవ వద్దట. రెండూ ఉండాలట. ఇంకోసారి."

రోజూ వినే మాటే. లియావ్ హమ్మయ్య అనుకుని వల భుజానికెత్తుకున్నాడు.

"వల కాదు బాబాయ్. కెమెరాలు తిరిగి ఆ కొసకి చేరేసరికి పిన్ని నవ్వడం అయిపోయిందట. ఆ క్షమాపణ మళ్ళీ చెప్పమంటున్నారు."

షూచిన్ తెడ్డు కింద పెట్టింది. తువ్వాలు సర్దుకుని వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఈసారి నిదానంగా చెప్పయ్యా. నాకేం తొందర లేదు."