నారింజ రంగు మాత్రలు

గరుడవాహనం మోసిన మర్నాడు మా మనవడు చక్రపాణి భుజం పైకి లేవలేదు. సాయంత్రం పల్లకీ మోయకపోతే వాడి చోటు ఇంకొకరికి పోతుంది. నంద్యాల నుంచి తెచ్చుకున్న నారింజ రంగు విటమిన్ మాత్రలు చప్పరిస్తున్నాడు.

వాటితోనే బలం వస్తుందన్న వాడి భ్రమ వదిలించాలని సీసాలో నారింజ పిప్పరమెంట్లు పోశాను. మాత్రలు పారేయడం ఇష్టంలేక నేనే మింగాను.

సాయంత్రం ఆళ్లగడ్డ వీధుల్లో వాడు పల్లకీని ఉయ్యాలలా ఊపాడు. నేనూ మోకాళ్ళ నొప్పి లేకుండా వెంట నడిచాను.

"నువ్వు తిన్నవి పిప్పరమెంట్లురా. మాత్రలు మింగింది నేను," అన్నాను.

"అవీ పిప్పరమెంట్లే అవ్వా. అసలు మాత్రలు బస్సులోనే మావోళ్లు పంచుకోని మింగినారు. ఖాళీ సీసా చూస్తే ఎగతాళి చేస్తావని నింపినా."

పగలబడి నవ్వుతూనే నడిచాను. ఆ మాట మోకాళ్ళకు ఇంకా చేరలేదు.