శంఖతీర్థం

మాట మొదట పలికింది డిప్యూటీ చీఫ్. విన్నవారు లేరు.

"తెల్లవారుజామున నీళ్ల వాడకం తక్కువ. అప్పుడు ప్రెషర్ తగ్గిస్తే పాత పైపులు పగలవు," అన్నదామె, నీటి సరఫరా సంస్థ వారి సోమవారపు సమావేశంలో. బల్ల చుట్టూ కొలువుదీరిన పురుషపుంగవులలో ఒకరు కళ్లజోడు తుడుచుకున్నారు. మరొకరు టీలో విరిగిపడిన బిస్కెట్టు కళేబరాన్ని చెంచాతో వెలికితీసే మహత్కార్యంలో మునిగి ఉన్నారు.

అంతలో ఆమె పక్క కుర్చీలోని ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు.

"నేననేదేంటంటే సార్, తెల్లవారుజామున ప్రెషర్ తగ్గించాలి. పాత పైపులు పగలవు!"

కిటికీ అద్దాలు కంపించాయి. బిస్కెట్టు శాశ్వతంగా మునిగిపోయింది.

"ఆహా! బుర్రంటే అదయ్యా!" అన్నారు ఛైర్మన్ గారు. బల్ల మీద అరచేతులు మోగాయి.

బల్ల చివర కూర్చున్న జూనియర్ ఇంజినీరు పళ్లు పటపట కొరికింది. ఆ గొంతు గల మహానుభావుడికి 'శంఖం' అని పేరు పెట్టింది ఆ అమ్మాయే. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్నారు పెద్దలు. ఆ సంస్థలో ఆ సూక్తి రాజ్యాంగం. డిప్యూటీ నోట ఉన్నంతసేపూ ఏ ఆలోచనైనా వట్టి కుళాయి నీళ్లే. అతగాడి నోట పడిందా, సభాసదులు కళ్లకద్దుకుంటారు.

సమావేశం ముగిసింది. పురుషపుంగవులు భోజనానికి తరలివెళ్లారు. డిప్యూటీ మాత్రం దరఖాస్తుల కట్ట ముందేసుకుని కూర్చుంది. ఉద్యోగం కోరి వచ్చినవారిని వడపోయడం, చేరినవారికి ఏ గది, ఏ కుర్చీ అన్నది తేల్చడం, ఇలా విసుగు పుట్టించే చాకిరీ యావత్తూ ఆమెదే. "మీకు ఓపిక ఎక్కువమ్మా" అన్న బిరుదొకటి తగిలించి, అదంతా ఎన్నడో ఆమె నెత్తిన పెట్టారు.

"మేడమ్, మీకసలు రోషం లేదా?" అంటూ విసురుగా వచ్చింది జూనియర్.

"లేకేం? కావలసినంత ఉంది."

"ఎక్కడ దాచారు? ఇనప్పెట్టెలోనా? మీ మాటని మీ పక్కనే కూర్చుని నమిలి మింగేస్తున్నాడు! కనీసం ఆ కుర్చీ అయినా మార్చండి. ఆ మూల, ఏసీ కింద పడేయండి, గొంతన్నా పట్టేస్తుంది."

డిప్యూటీ నవ్వాపుకుంది. "వద్దులే. అక్కడే ఉండనీ."

"వచ్చే సోమవారం చీఫ్ గారు రిటైరవుతున్నారు. ఆ సీటు మీది. అందులో అతనెక్కి కూర్చుంటే ఇక్కడ ఆడదాని మాట చివరి వీధి కుళాయి అవుతుంది, చుక్క రాలదు. మర్నాడే నేను రాజీనామా పడేసి పోతా. ముందే చెబుతున్నా."

"కోపం కూడా నీళ్లలాంటిదే తల్లీ. పగిలిన చోటల్లా చిమ్మితే వీధి బురదవుతుంది గానీ, మేడ మీది ట్యాంకు దాకా ఎక్కదు."

జూనియర్ తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది. పిరికితనానికి ఇస్త్రీ చేస్తే వేదాంతమవుతుందని ఆ పూటే ఆమె కనిపెట్టింది.

సోమవారం వచ్చింది. బల్ల మీద పూలగుత్తి కూడా వచ్చింది. శంఖం కొత్త కోటు తొడుక్కుని, ఫొటోలో ఏ పక్కకు తిరిగితే రాజసంగా ఉంటుందో కిటికీ అద్దంలో పరీక్షించుకుంటున్నాడు.

"సరే, కొత్త చీఫ్ ఎవరైతే బాగుంటుంది?" అన్నారు ఛైర్మన్ గారు. అన్ని కళ్లూ కొత్త కోటు మీదికే మళ్లాయి. బల్ల కింద జూనియర్ పిడికిళ్లు బిగిశాయి. సంచిలో రాజీనామా సిద్ధంగా ఉంది.

డిప్యూటీ ఎప్పటిలాగే మెల్లగా, మంచినీళ్ల గ్లాసుతో చెబుతున్నట్టు అన్నది: "భూమిలో ఉన్న ప్రతి పైపూ తెలిసినవాళ్లకే ఈ పదవి దక్కాలి. డిప్యూటీకి ఇవ్వడమే న్యాయం."

విన్నవారు లేరు. శంఖం మనసు ఇంకా ఫొటోలోనే ఉంది. అయినా పక్క కుర్చీలో మాట ఆగగానే, అలవాటైన గొంతు తనంతట తానే సవరించుకుంది.

"నేననేదేంటంటే సార్, ప్రతి పైపూ తెలిసినవాళ్లకే దక్కాలి. డిప్యూటీకి ఇవ్వడమే న్యాయం!"

అద్దాలు కంపించాయి. తన నోట వెలువడిందేమిటో చప్పట్లు మోగాకగానీ అతనికి తెలియలేదు. దిద్దుకోబోయాడు, ఆ చప్పట్లలో అంత గొంతూ మునిగిపోయింది.

"ఎంత పెద్ద మనసయ్యా నీది! చేతికందిన సింహాసనాన్ని ఒక ఆడకూతురికి వదిలేశావా!" ఛైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. పూలగుత్తి తీసి అతని చేతిలోనే పెట్టారు.

జూనియర్‌కు ఒళ్లు మండిపోయింది. గెలిచిందొకరు, పూలు ఇంకొకరికి! తిన్నగా కొత్త చీఫ్ గదిలోకి దూసుకెళ్లింది.

"ఇవాళ్టిది మీ అదృష్టం మేడమ్, అంతే! ఆ గాలిశంఖం తిక్క కొద్దీ ఊదింది, మీ పంట పండింది. రేపు పొద్దున్నే వాణ్ణి గుమ్మం దాటించండి. ఇన్నాళ్లూ మీ నోట్లో మాట లాక్కున్నాడు!"

కొత్త చీఫ్ తలెత్తింది. ఆ కళ్లలో అంత నిప్పు ఉంటుందని ఆ అమ్మాయి ఊహించలేదు.

"నేను చేరిన రోజు నుంచీ ఈ బల్ల దగ్గర నా గొంతు ఒక్క చెవికీ ఎక్కలేదు. అందుకే వచ్చిన దరఖాస్తులన్నీ జల్లెడ పట్టి, సొంత ఆలోచన ఒక్కటీ లేకుండా గొంతు మాత్రమే ఉన్నవాణ్ణి ఏరి, ఉద్యోగమిచ్చి, నా పక్కన కుర్చీ వేయించింది నేనే."