తుర్రమ్మ కడియం

రెల్లు పూచిందంటే చాలు, కాటుకపిట్టలు సముద్రం దాటేముందు ఉప్పుటేటి ఒడ్డున దిగి నాలుగు రోజులు మేస్తాయి. ఆ ఏడు గుంపులో అందరికంటే తొందర తుర్రమ్మది.

"నాలుగు పురుగులు తినవే తల్లీ. దేవుడు రెక్కలిచ్చాడు గానీ, నడిసముద్రంలో ముద్ద పెట్టడు" అంది నాయనమ్మ.

"తిన్నాలే! సాయంత్రం అందరికంటే ముందు ఎగిరేది నేనే, చూస్తూ ఉండు!" అంటూ తుర్రుమని లేచి, పొదల మధ్య కట్టిన సన్నని వలలో పడింది.

పిట్టల కాళ్ళకు గుర్తు కడియాలు వేసి వదిలే ఆవిడ వచ్చి, దాన్ని మెల్లగా విడిపించి కడియం తొడిగింది. లోపల కొవ్వు ఎంత పట్టిందో చూడడానికి పొట్ట మీది ఈకలు విడేలా ఉఫ్‌మని ఊదింది.

"అయ్యో, గోరంత కొవ్వైనా లేదే! నీళ్ళలో రాలిపోతావమ్మా" అంటూ వదిలేసింది.

తుర్రమ్మ గంతులేస్తూ వచ్చింది. "నాయనమ్మా, నా కాలికి నగ!"

నాయనమ్మ కాలికీ ఒక పాత కడియం ఉంది. "నగ సరే, ఊది ఏమందే?"

ఎప్పుడూ ఆడుతుండే తుర్రమ్మ తోక ఆగిపోయింది. "రాలిపోతానంది" అని గొణిగింది.

సాయంత్రం గుంపు ఎగిరిపోయింది. నాయనమ్మ మాత్రం మనవరాలి కోసం ఆగిపోయింది. ఇద్దరూ రోజూ పొద్దస్తమానం పురుగులు ఏరుకు తిన్నారు. ఎనిమిదో రోజుకి మరో గుంపు దిగింది. ఆ పొద్దున్నే తుర్రమ్మ నేరుగా వెళ్ళి తనంతట తానే వలలోకి దూకింది.

"ఊదమ్మా, ఊది చూడు!"

ఆవిడ కడియం గుర్తుపట్టి, నవ్వుతూ ఊదింది. ఈకల కింద కొవ్వు పసుపుముద్దలా మెరిసింది.

"వెళ్ళిరా తల్లీ!"

తుర్రమ్మ తోక మళ్ళీ ఆడింది. "నాయనమ్మా, లే! వెళ్ళి రమ్మంది!"