గాజుకు ఇవతలి మసి

గణపతి సింగపూర్‌లో గ్యాస్ స్టవ్‌లు, హీటర్లు బాగుచేస్తాడు. చోవా చూ కాంగ్ దగ్గర సత్యవాణి కొత్తగా కొన్న ఇంటికి వెళ్లేసరికి చీకటి పడింది. ఆమె చెప్పిన తాళం నంబరు నొక్కి తలుపు తెరుచుకున్నాడు. హాల్లో గోడకు గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉంది. ఈ ఉక్కపోత ఊళ్లో దీంతో ఏం పని అనుకుంటూనే ముందు గ్యాస్ వాల్వ్ కట్టేశాడు.

దాని ముందున్న గాజు తలుపు విప్పి, లోపల కట్టెల్లా పేర్చిన పింగాణీ దుంగల మీద దుమ్ము దులిపాడు. బర్నర్ కన్నాలు శుభ్రం చేశాడు. చివరికి గాజు తుడవబోతే మంట తగిలే లోపలి వైపు తళతళలాడుతోంది. మసి అంతా హాలు వైపు పట్టింది. పద్నాలుగేళ్ల పనిలో అలాంటిది చూడలేదు. తుడిచి, బిగించి, సత్యవాణికి ఫోన్ చేశాడు.

"పని అయిపోయింది మేడం. ఇదివరకు హాల్లో ఏమైనా కాలిందా?"

"అమ్మినాయన ఏమీ చెప్పలేదండీ. రంగులు మాత్రం కొత్తగా వేయించి ఇచ్చారు. రేపే పిల్లలతో వచ్చి పాలు పొంగిస్తున్నాం. ఏమైంది?"

గణపతి గాజు వైపు చూశాడు. ఇప్పుడే తుడిచిన చోట మళ్లీ సన్నగా నలుపు పాకుతోంది.

"గణపతి గారూ, అక్కడ ఎవరైనా వంట చేస్తున్నారా? మీ వెనకాల చిటపటమంటోంది."

ఇంట్లో తనొక్కడే. ఎదురుగా ఫైర్‌ప్లేస్ చల్లగా ఉంది. వీపు మాత్రం చుర్రుమంటోంది.

"రేపు పిల్లల్ని తీసుకురాకండి మేడం," అన్నాడు. వెనక్కి తిరగకుండా, గోడ పట్టుకుని తలుపు వైపు జరగసాగాడు.